నలభై రెండు పేజీలు, ఒక పడుగు

నేను చూసిన దూరదేశాల్లో అన్నిటికన్నా దూరమైనవి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మా హన్మకొండ నుంచి లెక్కవేస్తే అదెంత దూరమని మా ఆవిడ మూతి తిప్పుతుంది. ఆమె మైళ్లలో లెక్కవేస్తుంది. నేను దిగి చేతులెత్తి జేబులు తడిమించుకున్న తనిఖీలలో లెక్కవేస్తాను. ఆ లెక్కన కాశీ మాకు పక్కవీధి.

అవి ఆ ప్రాంతంలో అన్నలనే నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య ఊళ్లు నలిగిపోతున్న సంవత్సరాలు. పల్లెల్లో, పట్నాల్లో పెద్దపెద్ద ఇళ్లవాళ్లు తాళాలు వేసి హైదరాబాదు వెళ్లిపోయారు. ఇళ్లు మాత్రం వెళ్లలేక నిలబడిపోయాయి. ఆ మూడు ఊళ్లలోని పుస్తకాల పిచ్చివాళ్లు కలిసి ఒక ఆలోచన చేశారు. ఖాళీగా ఉన్న ఆ పాత ఇళ్ల తోటల్లో జనాన్ని కూర్చోబెట్టి ఉపన్యాసాలు పెడితే ఎలా ఉంటుంది? అప్పుడు దేశంలో ఉన్న మహావక్తలందరినీ జల్లెడ పట్టి నన్ను ఎన్నుకున్నారు. మిగతావాళ్లు రామన్నారనే మాట నేను తర్వాత విన్నాను. నేను నమ్మలేదు.

నా అంశం పాత ఇళ్ల వైభవం. పదిహేను రోజులు కూర్చుని నలభై రెండు పేజీలు నీలి సిరాతో రాశాను. అవి నలగకుండా మా ఆవిడ ఒక అట్టలో పెట్టి కట్టింది. ఇంట్లో దొరికిన అట్ట అదే. ఎర్రటిది.

తోవలో

కరీంనగర్ దాటాక కండక్టరు టికెట్టు చింపుతూ నా ఒడిలోకి చూశాడు.

"సారూ, గా ఎర్రగున్నదేంది?"

"ఉపన్యాసం."

"ఏదన్న గానీ. సంచిల వెట్టుండ్రి. మీకు మంచిది, నాకు మంచిది, గీ బస్సుకు మంచిది."

సంచిలో పెట్టాను. పెట్టడం వల్ల అది ఇంకా దాచినట్టు కనిపించింది. మొదటి తనిఖీలోనే జవాను దాన్ని బయటికి లాగాడు. బస్సంతా దిగి వరుసగా నిలబడింది. ఆయన మొదటి పేజీ తీసి, పెదవులు కదిలిస్తూ చదివాడు. "ఓ మహోన్నత స్తంభములారా! మీరు చూడని వైభవమేది?" రెండో పేజీ తిప్పాడు. మూడోది సగం చదివి ఆవులించాడు.

"పో సారూ. గిది సదివి ఎవ్వలు తిరగవడరు."

బస్సంతా నవ్వింది. బతికిపోయినందుకు సంతోషించాలో, రచయితగా చచ్చిపోయినందుకు ఏడవాలో తెలియక కిటికీ పక్కన కూర్చున్నాను.

జగిత్యాలలో ముందు వరుస

నక్షత్రంలా ఉండే కోటకు కొంచెం అవతల ఒక పాత వకీలు గారి బంగళా ఉంది. బంగళా కన్నా వెనక మామిడితోట పెద్దది. తోట కన్నా పెద్దది అక్కడి చాయ్. మా హన్మకొండలో చాయ్ అడిగితే గ్లాసు అడుగున ఒక జ్ఞాపకంలా పోస్తారు. ఇక్కడ చాయ్‌వాడు అర్ధరూపాయికి కప్పు నింపి, సాసరు నింపి, కొంచెం నా చొక్కా మీద కూడా పోశాడు. మిర్చి బజ్జీ ఒకటి తిన్నాను. దాని కారం నా ఉపన్యాసాన్ని పదకొండో పేజీ దాకా నడిపించింది.

సభకు అనుమతి వచ్చింది, ఒక షరతు మీద. ముందు వరుసలో ఒక కానిస్టేబుల్ కూర్చుని జరిగింది రాసుకోవాలి. నా ఇరవై ఏళ్ల మాస్టరు ఉద్యోగంలో నేను చెప్పింది రాసుకున్న మనిషి లేడు. ఆయన మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని, పెన్సిలు నోట్లో తడుపుకుని, నా ప్రతి మాటకూ తల ఎత్తుతుంటే నా ఛాతీ ఎంత పొంగిందంటే రెండో గుండీ ఎగిరిపోయి మామిడాకుల్లో పడింది. దొరకలేదు.

రెండు గంటల తర్వాత ఆయన్ని పక్కకు తీసుకెళ్లాను.

"అన్నా, ఒక్కసారి చూపించరాదు. ఎలా రాశారో చూస్తాను."

సిగ్గుపడుతూ చూపించాడు. ఒకే ఒక్క వరుస ఉంది: "ఇల్లు పాతది. అభ్యంతరం లేదు."

నేను నలభై రెండు పేజీల్లో చెప్పలేక సతమతమైంది అదే.

కోరుట్లలో బీడీల కొలత

మర్నాడు కోరుట్లలో ఒక పాత సావుకారు గారి ఇల్లు. వెనక సంపెంగ, మల్లె, ఎవరూ తోడని బావి. మగవాళ్లు ఆరుగురు వచ్చారు. ఆడవాళ్లు మాత్రం అరవై మంది, ఒడిలో చాటలతో వచ్చారు. చాటలో తునికాకు, తంబాకు, దారం. నేను "ఓ మహోన్నత" అనగానే నూట ఇరవై చేతులు బీడీలు చుట్టడం షురూ చేశాయి.

నాకు చిన్నతనంగా అనిపించి ఆగాను. ముందు కూర్చున్న రాజవ్వ తల ఎత్తింది.

"ఎందుకు ఆగినవ్ సారూ?"

"మీరు పనిలో ఉన్నారు కదా, తర్వాత చదువుతాను."

"అయ్యో, సదువుండ్రి. మా ఇంట్ల రేడియో ఖరాబైంది. మీరు సదువుతాంటె చెయ్యి మంచిగ నడుస్తాంది. ఇంకెన్ని కాయిదాలున్నయి?"

"నలభై ఒకటి."

"గంతేనా?" అంది దిగులుగా.

నా జీవితంలో ఆ ప్రశ్న ఆ గొంతుతో ఎవరూ అడగలేదు. మా ఆవిడ కూడా అడుగుతుంది. గొంతు వేరు.

ఉపన్యాసం అయ్యాక రాజవ్వ తన చాటలోని కట్టలు చూపించింది. పల్నాటి యుద్ధాన్ని రోజుల్లో కొలుస్తారు, నా ఉపన్యాసాన్ని బీడీల్లో కొలిచారు. అరవై చాటల మీద ఎన్ని బీడీలో చెబితే మీరు నమ్మరు. సగానికి తగ్గించి చెప్పినా నమ్మరు. తర్వాత ఆమె అంచు మాడిన బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి, తెచ్చి పెట్టింది. అంచు మాడకపోతే అది సర్వపిండి కాదని చెప్పింది. మా ఇంట్లో మాడితే క్షమించమంటాం, వీళ్ల ఇంట్లో మాడితేనే వడ్డిస్తారు. నాలుగు తిని ఒప్పుకున్నాను.

"పనిచేస్తూ వింటే తలకెక్కుతుందా అవ్వా?" అని అడిగాను.

"చేతులు ఊకెనె వెట్టుకోని కూసుంటె నాకు నిద్రస్తది సారూ. పనిచేస్తాంటెనే ఇనవడ్తది."

ఆ మాటను సర్వపిండితో పాటు మూటగట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. దాని అవసరం ఎంతుందో అప్పటికి తెలియదు.

సిరిసిల్లలో ఇరవై ఏడు కుర్చీలు

బస్టాండులో చంద్రయ్య ఎదురొచ్చాడు. యాభై ఏళ్ల చేనేత మనిషి, సన్నగా, పొడుగ్గా, కండె మీద దారంలా ఉంటాడు. వాడంతా పవర్‌లూములు టకటకలాడుతుంటే ఇంకా చేతిమగ్గం వదలని ఇళ్లు పాతికే మిగిలాయి. ఆయనది ఒకటి. ఆ మగ్గం పక్కన ఒక బల్ల వేసి, ఒక పేపరు తెప్పించి, వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తాడు. అదే ఆ వాడకు గ్రంథాలయం. వాన పడితే కప్పు కారి మూతపడుతుంది.

దారిలో సంగతంతా చెప్పాడు. ఆ ఊరి దొరల కోటలాంటి పాత ఇంటిని గడి అంటారు, ఆ దొరలు ఊరు విడిచి ఏళ్లయింది. అన్నదమ్ములు దాన్ని విప్పి కలప అమ్మడానికి ఒక కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నారు. వాళ్ల తోడబుట్టిన సుశీలమ్మ ఒక్కతే అడ్డం పడింది. హైదరాబాదులో కాలేజీలో చదువు చెప్పే మనిషి. ముందున్న పెద్ద హాలు ఊరికి గ్రంథాలయంగా ఇద్దామంది. ఆమె అన్న ఒక మాట అన్నాడు.

"ఏమన్నాడు?"

"‘ఊరు మన గడిల అడుగు వెడ్తదా? ఒక్కపారి వచ్చి కూసుంటె ఇచ్చేద్దాం. రాకుంటె విప్పుదాం’ అన్నడట. గందుకే మీ ఉపన్యాసం వెట్టినం సారూ. ఇయ్యాల జనం వస్తె హాలు మనది. లేకుంటె ఐతారం లారీ వస్తది."

ఒక గ్రంథాలయం భారం నా నలభై రెండు పేజీల మీద పడిందన్నమాట. నడుము సర్దుకున్నాను.

గడి గేటు నుంచి ఇంటి మెట్ల దాకా బారుగా ఒక బాట, రెండువైపులా వేపచెట్లు, లోపల మే నెలలో కూడా మాఘమాసం. వరండాలో ఎనిమిది టేకు స్తంభాలు. ఒక్కొక్కటీ నేను కౌగిలిస్తే చేతులు అందవు. ప్రయత్నించాను. ప్రతి స్తంభం మీదా కాంట్రాక్టరు సుద్దముక్కతో అంకె వేశాడు, ఒకటి నుంచి ఎనిమిది దాకా. సుశీలమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, నేత చీర. తనే ఇరవై ఏడు కుర్చీలు అద్దెకు తెప్పించి వేయించింది.

నాలుగు గంటలకు సభ. నాలుగున్నరకు ఒక మేక వచ్చింది. ఐదింటికి గేటు అవతల రోడ్డు మీద డెబ్బై మంది దాకా నిలబడ్డారు. లోపలికి ఒక్కరూ రాలేదు. చంద్రయ్య వెళ్లి బతిమాలాడు. నేనూ వెళ్లాను.

"లోపలికి రండి, చల్లగా ఉంది" అన్నాను.

"ఈడ మంచిగనే ఉన్నది సారూ" అన్నాడొకాయన, ఎండలో కళ్లు చికిలిస్తూ.

ఇంకొకాయన గొంతు తగ్గించాడు. "లోపట కూసుంటె మీటింగు అంటరు. పోలీసోల్లు పేర్లు రాసుకుంటరు. గడికెందుకు పోయిండ్రని రేపు అన్నలు అడుగుతరు. ఇద్దరికి జవాబు చెప్పుడు మాతోని గాదు."

ముసలాయన ఒకడు కింద చూస్తూ అన్నాడు. "గవన్ని గాదు సారూ. గీ గేటు కాడికి రాంగనే కాళ్లు వాటంతట అవే ఆగుతయి. మా తాత కాన్నుంచి గిట్లనే అలవాటు."

పొద్దు వాలక ముందే అందరూ వెళ్లిపోయారు. సుశీలమ్మ కుర్చీలు ఒక్కొక్కటే మడిచింది. "రేపు పన్నెండింటి బస్సుకు పోత చంద్రయ్యా. అన్నయ్యకు ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు" అంది. చంద్రయ్య మిగిలిన కుర్చీలు మడవసాగాడు. మేక నా ఉపన్యాసపు ఆహ్వానపత్రం నమిలింది. ఆ సాయంత్రం నా రచనను ఇష్టపడినది అదొక్కటే.

చంద్రయ్య ఇంట్లో

చంద్రయ్య భార్య లచ్చవ్వ మక్క గట్క, పచ్చిపులుసు పెట్టింది. ఆయన ముద్ద కలిపి తినకుండా కూర్చున్నాడు. ఆమె మాత్రం వేరే బాధలో ఉంది. మూలన చుట్టిపెట్టిన పెద్ద దారపు మూట ఉంది. అది పడుగు. మగ్గానికెక్కించే ముందు ఆ నిలువు పోగులన్నీ వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి.

"ఎనకట మా వాడ పొడుగూత చాపుకునేటోళ్లం సారూ. ఇప్పుడు జీపులు ఊకూకె తిరుగుతయి. పోయిన వారం సగం పోగులు తెంపుకోని పోయింది ఒక జీపు. ఏడ చాపుదు? నా నెత్తి మీద చాపాల్నా?"

నాకు ఓదార్చడం రాదు, కబుర్లు చెప్పడం వచ్చు. కోరుట్లలో ఆడవాళ్లు బీడీలు చుడుతూ నా ఉపన్యాసం విన్న సంగతి చెప్పాను. బీడీల సంఖ్య కొంచెం పెంచాను.

లచ్చవ్వ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"గా గడిల బాట ఎంత పొడుగుంటది?" అని మొగుణ్ని అడిగింది.

"గేటు కాన్నుంచి మెట్ల దాక. ఎందుకు?"

"మన పడుగంత ఉంటదా?"

చంద్రయ్య ఆమె వైపు చూశాడు. ఇద్దరూ కలిసి మూలనున్న మూట వైపు చూశారు. తర్వాత చంద్రయ్య ఆ గిన్నెడు గట్క తిని, ఇంకోసారి పెట్టించుకున్నాడు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. ఆ వాడలో ఎవరి పడుగు చాపినా, అది చూసినవాళ్లు చెయ్యి వేయకుండా దాటిపోకూడదు. గంజి ఆరేలోపు దువ్వాలి, తెగిన పోగు అతకాలి, ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. ఇవాళ నీది, రేపు నాది. చాపిన పడుగును దాటడం మాత్రం ఎవరూ చేయరు, ఎంత పెద్దవాడైనా చుట్టూ తిరిగి రావలసిందే. మా ఊళ్లో పక్కింట్లో మంట లేచినా చొక్కా ఇస్త్రీ అయ్యాకే బయటికి వస్తాం.

పొద్దున్నే పడుగు

తెల్లారి ఎండ రాకముందే లచ్చవ్వ గంజికుండతో గడి గేటు ముందు నిలబడింది. ఆమె కాళ్లు కూడా ఒక్క క్షణం ఆగాయి. నేను చూశాను. తర్వాత లోపలికి నడిచింది.

పడుగు ఒక కొస గేటు స్తంభానికి కట్టారు. రెండో కొస తాడు లాగితే సరిగ్గా వరండాకు అందింది. చంద్రయ్య దాన్ని ఒకటో అంకె వేసిన టేకు స్తంభానికి చుట్టి ముడివేశాడు. మధ్యమధ్యలో కర్రలు నిలబెట్టారు. వేపనీడలో తెల్లటి దారాల బాట ఒకటి గాలిలో లేచి నిలబడింది. నేను రామసేతువు చూడలేదు. చూడనక్కరలేదు ఇంక.

రోడ్డు మీద పోతున్న మొదటి మనిషి నిన్నటి ముసలాయనే. పడుగు చూశాడు, గేటు చూశాడు.

"లచ్చవ్వా, గీడ చాపినవేందే?"

"మరి నీ ఇంట్ల చాపాల్నా కాకా? గంజి ఆరుతాంది, సూసుకుంట నిలబడ్తవా?"

ఆయన చేతులు కాళ్ల కన్నా ముందు లోపలికి వచ్చాయి. కుంచె అందుకున్నాడు. వెనక ఇద్దరు, వాళ్ల వెనక పదిమంది. చేతిమగ్గం ఎప్పుడో వదిలేసి పవర్‌లూముల్లో పనిచేసే పడుచువాళ్లు కూడా వచ్చి, తెగిన పోగులు కళ్లు మూసుకున్నట్టే అతుకుతున్నారు. లెక్కపెట్టాను. నిజంగా లెక్కపెడితే ఎనభై. నా లెక్కలో మూడు వందలు.

చంద్రయ్య నావైపు సైగ చేశాడు. నేను ఎర్ర అట్ట విప్పి, పడుగు పక్కన నడుస్తూ "ఓ మహోన్నత" అందుకున్నాను. పద్దెనిమిదో పేజీలో చెయ్యి ఊపవలసిన ఘట్టం ఒకటుంది. ఊపాను. ఎర్ర అట్ట, నలభై రెండు పేజీలు, పదిహేను రోజుల కష్టం, అన్నీ వెళ్లి గంజికుండలో పడ్డాయి.

లచ్చవ్వ కర్రతో కాగితాలు పైకి తీసింది. నా సిరా అంతా కుండలో మిగిలిపోయింది.

"ఏం గాదు తియ్యి సారూ. గంజికి జర నీలిరంగు వచ్చింది, గంతే. నోటితోని చెప్పుండ్రి."

నోటితో చెప్పడానికి నాకేం తెలుసు? ఆ స్తంభాల గురించి నేను రాసిందంతా స్తంభాలను చూడకముందు రాసింది. అదే ఒప్పుకుని, "మీకు తెలిసింది మీరు చెప్పండి" అన్నాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న ఉపన్యాసం అదే. చప్పట్లు రాలేదు, చేతులు ఖాళీ లేవు.

తర్వాత లచ్చవ్వ దువ్వుతూనే, ఎవరి వైపూ చూడకుండా అంది.

"మా అత్త గీ ఇంటికి ముప్పై ఏండ్లు చీరలు నేసింది. ఊకెనె, పైస లేకుండ. నేసి తెచ్చి, గేటు అవుతల్నే ఇచ్చి పొయ్యేది. లోపట నీడ గింత సల్లగుంటదని ఆమెకు ఎర్కనే లేదు."

మెట్ల మీద సుశీలమ్మ సంచి సర్దుకుని నిలబడి ఉంది. ఆ మాట విన్నది. సంచి కింద పెట్టి, పడుగు చుట్టూ తిరిగి వచ్చింది.

"గా చీరలు కట్టుకున్నది మా అమ్మ. ఎవరు నేసిండ్రో మేము ఎన్నడు అడగలే" అంది. తర్వాత చెయ్యి చాపింది. "కుంచె గిట్ల ఇయ్యి అక్కా."

లచ్చవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "వస్తదా?"

"నేర్పితె వస్తది."

"గట్ల గాదు, మెల్లగ. పోగును కొట్టద్దు. బిడ్డ నెత్తి దువ్వినట్లు దువ్వాలె."

సరిగ్గా అప్పుడే గేటు బయట జీపు ఆగింది. ఎస్సై, వెనక నోటుబుక్కుతో ఒక కానిస్టేబుల్. వాడంతా బిగుసుకుపోయింది. ఎస్సై లోపలికి రెండడుగులు వేసి, పడుగు అడ్డం ఉంటే ఆగాడు. చుట్టూ తిరగాలంటే తోటంతా తిరగాలి.

"ఏందిది? మీటింగా? పర్మిషన్ ఉన్నదా?"

లచ్చవ్వ కుంచె ఆపలేదు. "మీటింగైతె కూసుంటరు సారూ. గీడ ఎవలన్న కూసున్నరా?"

ఎస్సై చూశాడు. ఎనభై మందిలో ఒక్కరూ కూర్చుని లేరు.

"మరి గీ పెద్దమనిషెవరు?" అని నన్ను చూపించాడు.

"ఆయన కాయిదాలు గంజిల వడ్డయి. ఎండుతయని సూస్తాండు. సారూ, మీ పక్క కర్ర ఒరుగుతాంది, జర పట్టుండ్రి, మల్ల తెగుతె మీకే పాపం."

ఎస్సై పట్టుకున్నాడు. ఆచారం తెలిసి పట్టుకున్నాడో, లచ్చవ్వ గొంతుకు జడిసి పట్టుకున్నాడో చెప్పలేను. టోపీ చంకలో పెట్టుకుని పావుగంట నిలబడ్డాడు. కానిస్టేబుల్ నోటుబుక్కు తీసి ఏదో రాశాడు. నాకు జగిత్యాల అలవాటయింది కదా, భుజం మీదుగా తొంగిచూశాను. "పడుగు పెద్దది. అభ్యంతరం లేదు."

జీపు వెళ్లాక ముసలాయన ముందు నవ్వాడు. తర్వాత తోటంతా నవ్వింది. ఆ నవ్వుకు వేపకాయలు రాలాయంటే అది అబద్ధం కాదు, ఆ నెలలో అవి ఎలాగూ రాలతాయి.

సుశీలమ్మ గంజి చేతులతోనే వరండా ఎక్కింది. కొంగు తడిపి ఒకటో స్తంభం మీది అంకె తుడిచింది. రెండోది, మూడోది, ఎనిమిది దాకా. "చంద్రయ్యా, పన్నెండింటి బస్సుకే పోత. అన్నయ్యకు ఏం చెప్పాల్నో ఇప్పుడు నాకు ఎర్కైంది" అంది. హాలు తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పడిపోతుందేమోనని బయటినుంచి చేత్తో పట్టుకుని, నన్ను బస్టాండుకు ఒంటిచేత్తో సాగనంపాడు.

ఇంటికి వచ్చాక

నెల తిరక్కముందే చంద్రయ్య ఉత్తరం వచ్చింది. సుశీలమ్మ అన్న మాట నిలబెట్టుకున్నాడు. హాల్లో రెండు బల్లలు, ఒక పేపరు, నలభై పుస్తకాలు పెట్టారు. కబురందని కాంట్రాక్టరు ఆ ఆదివారం లారీతో వచ్చాడట. స్తంభానికి పడుగు కట్టి ఉంది. "ఆరనియ్యి" అంది లచ్చవ్వ. మర్నాడు వచ్చాడు, ఇంకొకరి పడుగు ఆరుతోంది. మూడోనాడు వచ్చి, కుంచె చేతికిస్తే కాసేపు దువ్వి వెళ్లిపోయాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఎవరిదో ఒకరి పడుగు ఉంటుంది, దాని పక్కన నడుస్తూ ఒకరు పేపరు గట్టిగా చదువుతారు. కూర్చునేవాళ్లు కూర్చుంటున్నారు కూడా, కానీ ముందు గంజి పని అయ్యాకే.

ఉత్తరంతో పాటు ఒక తువ్వాలు పంపాడు, ఆనాటి పడుగుతో నేసినదే. వెలుతురుకు పట్టి చూస్తే తెల్లదనం కింద పలచగా నీలి చాయ కనిపిస్తుంది. మా ఆవిడకు కనిపించదు. ఉతకడానికి అడిగింది. ఇవ్వలేదు.

అచ్చయిన ఉపన్యాసాలు దేశంలో కొల్లలుగా ఉన్నాయి. నేసిన ఉపన్యాసం మాత్రం ఒక్కటే. అది సిరిసిల్లలో నేశారు, ఇప్పుడు నా భుజం మీద ఉంది.